తూటాల డబ్బా మీద వచనం

బైబిలు వాక్యం మీద అతి భక్తితో ఒక సంఘ పెద్ద చేత తుపాకి వదిలిపెట్టించబోయిన ఘనుణ్ణి నేను. భక్తి తప్పని అనను. దాని పక్కన కాస్త ఇంగితం కూడా కూర్చోవాలని మీరే అంటారు, వినండి.

అప్పట్లో కెనడాలో, కాల్గరీలో దిగే ప్రతి విమానంలోనూ సగం మంది మన పిల్లలే అన్నట్టుండేది. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం కాపురం. వారమంతా క్లాసులు, కాఫీ షాపులో పార్ట్‌టైమ్. మనసుకి ఇల్లు అనిపించే చోటు మాత్రం ఒక్కటే: మా తెలుగు క్రైస్తవ సహవాసానికి సంఘ పెద్ద, ఆశీర్వాదం అంకుల్ గరాజ్.

ఆయనది బందరు. ఆయిల్ ఆఫీసులో రిటైరయ్యాక జింకల వేటా, దానికి తూటాలు స్వయంగా తయారుచేసుకోవడమూ పట్టుకున్నారు. శనివారం పొద్దున్నే కీర్తన పాడుకుంటూ, తుపాకి మందును కంసాలి బంగారం తూచినట్టు తూచి ఇత్తడి గొట్టాల్లో పోసి, పైన తూటా మొన బిగించేవారు. నేను రెండో చరణం అందుకునేవాణ్ణి. ఆంటీ ఉప్మా తెచ్చి, "ఏం నాయనా, మళ్లీ చిక్కావు?" అనేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం వారమంతా చిక్కడానికైనా నేను సిద్ధమే.

ఒక శనివారం అంకుల్, "ఖాళీగా ఉన్నావు కదా అబ్బాయ్, ఆ షెల్ఫు సర్దు" అని ఫోన్ మాట్లాడటానికి లోపలికి వెళ్లారు. అక్కడ రెండు తూటాల డబ్బాలున్నాయి. ఒకదాని మీద టేపు అంటించి 1:10 అని రాసి ఉంది. ఇంకోదాని మీద 1:8.

మీరు మా సంఘంలో పెరిగుంటే ఏమనుకునేవారు? మా ఇళ్లలో క్యాలెండర్ మీద వచనం, ఫ్రిజ్ మీద వచనం, స్కూటర్ వెనక వచనం. ఇవీ వచనాలే అనుకున్నాను. గ్రంథం పేరు ఎందుకు లేదంటారా? అది అంకుల్ వినయం అనుకున్నాను. కానీ వాక్యం తూటాల మీదనా? ప్రాణం ఒప్పుకోలేదు. రెండు టేపులూ భక్తిగా ఊడదీసి నా పాటల పుస్తకంలో దాచాను. రెండు డబ్బాలూ సగం సగమే ఉండటంతో అన్నీ ఒకదాంట్లోకి చేర్చాను. పొడుగ్గా, నాజూగ్గా పెళ్లికొడుకుల్లా ఉన్నవాటిని ఏరి పైన పేర్చాను.

మరుసటి శనివారం వేటకు ముందు గురి సరిచూసుకోవడానికి షూటింగ్ రేంజికి వెళ్లాం. అంకుల్‌కి ఒకే కొలత తూటా పట్టే రైఫిళ్లు రెండున్నాయి. ఆ రోజు పాతది తెచ్చారు. నేను సర్దిన డబ్బా నేనే గర్వంగా అందించాను. చలికి ఆయన కళ్లద్దాలు మంచు పట్టి ఉన్నాయి. ఐదు సార్లు కాల్చారు. కాగితం మీద రెండే కన్నాలు పడ్డాయి. అవీ గుండ్రంగా లేవు. తూటా పడక మీద పడుకుని వెళ్లినట్టు పొడుగ్గా, అడ్డంగా ఉన్నాయి.

అంకుల్ అద్దాలు తుడుచుకుని మళ్లీ కాల్చారు. ఈసారి ఒక్కటే తగిలింది. ఆయన మెల్లగా బెంచీ మీద కూలబడ్డారు.

"నా చేతులు అయిపోయాయిరా."

"అదేంటంకుల్!"

"గాయం చేసి వదిలేసే వేట నాకొద్దు. రైఫిళ్లు ఇచ్చేస్తా. గరాజ్ ఖాళీ చేసి మీ ఆంటీకి కుట్టుమిషన్ పెట్టిస్తా."

గరాజ్ మూతపడితే నా శనివారాలూ మూతపడినట్టే. ఎలాగైనా ఓదార్చాలని నోరు తెరిచాను.

"తూటాల్లో మాత్రం లోపం లేదంకుల్. పొడుగువి ఏరి మరీ పైన పెట్టాను."

"పొడుగువా?" ఒకటి తీసి వెలుతురులో పట్టుకున్నారు. "ఇవి కొత్త రైఫిల్‌వి కదరా! డబ్బా మీద రాశాగా?"

"రాశారు... నేను తీసేశాను."

"ఎందుకు?"

"తూటాల మీద వాక్యం ఉండకూడదని."

"ఏ వాక్యం?"

"ఒకటో అధ్యాయం, పదో వచనం."

"ఏ గ్రంథం?"

"అదే నేనూ వెతుకుతున్నానండి. వారం నుంచీ అన్ని గ్రంథాల్లోనూ చూస్తున్నా."

అంకుల్ ఆకాశం వైపు చూశారు. ప్రార్థనో, సహనం కోసం విన్నపమో నాకు తెలియదు.

"ఒరేయ్, అది మెలికరా! ఈ పాత రైఫిల్ గొట్టం లోపలి గాడి పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుద్దని. బరువు తూటా పొడుగ్గా ఉంటది. దానికి తిప్పుడు ఎక్కువ కావాలి, కొత్తదాంట్లోలా ఎనిమిది అంగుళాలకే ఒక చుట్టు. చాలకపోతే బొంగరంలా తూలి అడ్డంగా పడుద్ది." ఒక్క క్షణం నన్ను చూశారు. "ఈ దేశంలో దిగిన మొదటి నెల్లో మంచు మీద నువ్వు పడ్డట్టు."

అడుగున ఉన్న పొట్టివి ఏరుకుని కాల్చారు. ఐదూ ఒక గారె కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆయన తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"మళ్లీ శనివారం రా. ఆంటీకి నువ్వే చెప్పుకో."

వెళ్లేసరికి రెండు డబ్బాల మీదా కొత్త టేపులున్నాయి. అంకెల కింద ఎర్ర ఇంకుతో పెద్ద అక్షరాలు: "ఇది వాక్యం కాదు."

ఇప్పుడు దేశానికి ఆ చివర, హాలిఫాక్స్‌లో ఉద్యోగం. సంఘం మంచిది, మనుషులు మంచివాళ్లు. కానీ నా కోసం అలాంటి హెచ్చరిక రాసిపెట్టుకోవాల్సిన ఇల్లు ఇక్కడ ఒక్కటీ లేదు. శనివారం పొద్దున్న ఫెర్రీ పడవలో నీళ్లు చూస్తూ కూర్చుంటే, అంత పని చేసినా మళ్లీ రమ్మన్న ఆ గొంతే వినిపిస్తుంది.

ఒట్టు పెట్టుకోకూడదని నేర్చుకున్నవాణ్ణి కనుక ఒట్టేయను, మాట ఇస్తున్నాను. ఇకమీదట పేరు లేని ఏ అంకెలకూ ఆమేన్ అనను. ఎవరి టేపూ ఊడదీయను. అంకుల్ ఒక్కసారి షెల్ఫు సర్దమని పిలిస్తే మాత్రం మొదటి విమానం ఎక్కుతాను. వెళ్లి ఏదీ ముట్టుకోకుండా, చేతులు కట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటాను.