నాయనమ్మ చూసిన పాలపిట్ట

జూమ్ లెన్స్ రబ్బరు రింగు మీద వేళ్లు పడితే చాలు, కీసర దగ్గరి మునేరు గట్టు గుర్తొస్తుంది నాకు.

ఆ రోజు దసరా. పాలపిట్టను చూడని పండగ ఏం పండగని నాయనమ్మ పొద్దుటి నుంచీ ఒకటే గోల. తీరా అవతలి ఒడ్డున కరెంటు తీగ మీద పిట్ట వాలితే ఆవిడ కళ్లకు ఆనలేదు. బాబాయి స్టాండు మీద కెమెరా పెట్టి, మూరెడు లెన్స్ బిగించి, ముందు నన్ను చూడమన్నాడు. రింగు తిప్పగానే పిట్ట దూసుకొచ్చి నా ముక్కు మీద వాలినంత పనైంది! మాట్లాడితే వింటుందేమోనని గొంతు తగ్గించాను.

"నాయనమ్మా, దగ్గరికొచ్చేసింది! తొందరగా రా!"

ఆవిడ వంగి కన్ను ఆనించేలోపే పిట్ట తీగ మీంచి ఎగిరిపోయింది. నేను చూశాను. అయినా లెన్స్ లోపలికి లాక్కున్న పిట్ట ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

"కనపడిందా?"

"కనపడకేం! ఎంత నీలంగా ఉందే, బంగారుతల్లీ!" అంటూ దణ్ణం పెట్టుకుంది. నేను గట్టంతా గంతులేశాను.

ఇప్పుడు నేనూ పిట్టల్ని ఫొటోలు తీస్తున్నాను. పిట్ట ఎగిరిపోయాక లెన్స్‌లో మిగిలేది ఉత్త ఆకాశమే. అదీ నీలంగానే ఉంటుంది.