మడమలో చిల్లు

మా దీవిలో పేతురు ఎవరో, పౌలు ఎవరో కచ్చితంగా చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె నెమేసియా అత్త. ఆమెకు కూడా తెలియకుండా పోయిన సంగతి ఇది. ఇందులో నేను చేసింది రెండే పనులు: పడవ నడపడం, నోరు మూసుకోమని ఆమెకు సలహా ఇవ్వడం. రెండూ అక్కరకు రాలేదు.

మా చర్చిలో ఉన్న ఆ ఇద్దరు పునీతులనూ ఒకే మొద్దులోంచి ఒకే వడ్రంగి చెక్కాడు. అదే గడ్డం, అదే బట్టతల, ఎవరి మీదో అలిగినట్టు అదే చూపు. పేతురు చేతిలో తాళంచెవులు, పౌలు చేతిలో కత్తి. అవి తీసేస్తే కవలలే. ఏటా జూన్ ఇరవై ఎనిమిదిన వాళ్ళ పాత అంగీలు విప్పి, తడిగుడ్డతో తుడిచి, కొత్తవి తొడిగే పని అత్తది. వాళ్ళమ్మ పోయాక ముప్పైనాలుగేళ్ళుగా ఆమే చేస్తోంది. రొయ్యలు ఎండబెట్టుకుని బతికింది, పెళ్ళి చేసుకోలేదు. "ఇద్దరు ముసలాళ్ళకి ఒళ్ళు తుడవడమే సరిపోయింది, మూడోవాడెందుకురా?" అనేది. పేతురు ఎడమ మడమలో చెదలు తొలిచిన చిల్లు ఉందనీ, దాన్ని మైనంతో పూడ్చారనీ ఆమె ఒక్కదానికే తెలుసు.

ఇరవై తొమ్మిదిన పందెం. ఇద్దరినీ చెరో పడవలో నిలబెట్టి మడుగులో దీవి చుట్టూ తిప్పుతాం. పేతురు పడవ ముందొస్తే ఆ ఏడు రొయ్యలు పట్టడానికి నీళ్ళలో మేం కట్టే దడుల నిండా రొయ్యలు. పౌలు పడవ ముందొస్తే పస్తులు. నేను ఇరవయ్యేళ్ళుగా పేతురు పడవలో గెడ వేస్తున్నాను. అలాగని పౌలు పడవవాళ్ళు ఓడిపోవాలని గెడ వేస్తారా? వాళ్ళకీ పరువుంది. ప్రాణం పెట్టి గెలుస్తారు, గెలిచి మాతోపాటే పస్తులుంటారు. ఇదేం తిరకాసని నన్నడగొద్దు.

అత్త కళ్ళకు శుక్లాలు వచ్చి మూడేళ్ళయింది. ఆ పని ఎప్పుడెప్పుడు తన చేతికొస్తుందా అని ఎదురింటి ఒతీలియా కాచుకుని ఉంది. "సూదిలో దారం ఎక్కించలేని మనిషికి దేవుడి పనేంటమ్మా?" అని వీధంతా వినబడేలా అనేది. ఆ పని పోతే ఇక తాను బతికుండి ఏం లాభమని అత్త నాతో రెండుసార్లు అంది. ఊరికే అనే మనిషి కాదు.

ఈ ఏడు పేతురు పడవే ముందొచ్చింది. బ్యాండు మోగింది, రొయ్యల ఉండలు వేగాయి, నన్ను భుజాలమీద ఎత్తుకున్నారు. మర్నాడు పొద్దున్నే అత్త కబురు పెట్టింది.

"లావ్రో, తలుపెయ్యి. దా, ఈయన కాలు చూడు, వేలు లోపలికి పోతోంది."

పందెంలో తడిసిన అంగీలు మార్చడానికి ఇంటికి తెప్పించినట్టుంది, మంచం మీద ఇద్దరు పునీతులూ ఒంటిమీద బట్టల్లేకుండా పడుకుని ఉన్నారు. కత్తి పట్టుకున్నాయన మడమలోంచి మైనం రాలిపోయింది. చిల్లు కనబడుతోంది.

"ఈయన పౌలు కదా?" అన్నాను.

"చిల్లున్నాయన పేతురురా, సన్నాసీ!"

"మరి నా పడవలో ఉన్నదెవరు?"

"పౌలు. కడిగేటప్పుడు చేతుల్లోవి మార్చిపెట్టేసినట్టున్నాను."

"అంటే గెలిచింది పౌలా?"

"పౌలే. కానీ పేతురు పడవలో."

"ఇరవయ్యేళ్ళనుంచి నేను పేతురికోసం చచ్చేట్టు గెడ వేస్తుంటే..." లేచి తలుపు గడియ కూడా బిగించాను. "అత్తా, నీకు దణ్ణం పెడతా. ఈ మాట ఎవరితోనూ అనకు. ఒతీలియా చెవిన పడిందా, నీ పని గోవిందా."

"ఊళ్ళోవాళ్ళు రొయ్యలొస్తాయని ఎప్పుడూ లేనంత పెద్ద దడి కట్టబోతున్నార్రా. నెలరోజులు పీకల్లోతు నీళ్ళలో నానతారు. నేనెలా ఊరుకోను?"

ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్లమీద నిలబడి అందరికీ చెప్పేసింది. బొమ్మలను కూడా బయటికి తెప్పించింది. గోల మొదలైంది. పౌలు పడవవాళ్ళు, పేతురు ఉన్నది తమ పడవలో కాబట్టి గొప్ప తమదేనన్నారు. ఓడిపోయారు కదరా అంటే, పేతురికోసం ఓడామన్నారు. ఇంతలో దడులు కట్టే పెద్దాయన సబీనో అడ్డం పడ్డాడు.

"ఆగండి. నిరుడు పేతురు గెలిస్తే దడి ఖాళీ. ముందటేడు పౌలు గెలిస్తే రొయ్యలు ఎత్తలేక నడుములు పడిపోయాయి. ఈ తారుమారు ఎప్పట్నుంచి, నెమేసియా?"

"మూడేళ్ళుగా మడమ చూడలేదు బాబాయ్. కనబడదు. మైనం ఉందిలే అనుకున్నా."

"విన్నారా!" అంటూ ఒతీలియా ముందుకొచ్చింది. "ఇకనుంచి ఈ పని నేను చేస్తా. చిల్లున్నాయన చేతిలో తాళాలు పెడితే తీరిపోయె. ఇంతోటి దానికి గొడవెందుకు?" అని తాళంచెవులు లాక్కుని ఒకాయన్ని తిప్పింది. చిల్లుంది. గెలిచినట్టు రెండో ఆయన్నీ తిప్పి చూపించబోయి ఆగిపోయింది. ఆయన మడమలోనూ చిల్లుంది, సరిగ్గా అక్కడే.

చెదలకు పేతురేమిటి, పౌలేమిటి?

ఒతీలియా చేతిలో తాళంచెవులున్నాయి. ఇటు చూసింది, అటు చూసింది, ఎవరికివ్వాలో తేల్చుకోలేక చివరికి అత్త వైపు చూసింది. జనమంతా అటే చూశారు.

అత్త తాళాలు తీసుకుంది. ఒక్కొక్కరి మొహం రెండు చేతులతో తడిమింది. కుడివైపు ఆయన చేతిలో తాళాలు పెట్టి, "ఈయనే పేతురు" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాడు సబీనో.

"ముప్పైనాలుగేళ్ళు ఒళ్ళు తుడిచిన చెయ్యి బాబాయ్. చేతికేం శుక్లాలు రాలేదు."

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దాళ్ళు అక్కడికక్కడే, బతికున్నంతకాలం ఈ పని నెమేసియాదేనని తేల్చారు. ఒతీలియా కూడా తలూపింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

వానలకు మడుగు పొంగి వీధుల్లోకి అప్పుడే పడవ తిరిగేంత నీళ్ళు ఎక్కాయి. అత్తను నా పడవలో ఇంటికి తీసుకెళ్తూ, "ఎంత గొప్పదానివత్తా! ముట్టుకుంటేనే తెలిసిపోయిందే!" అన్నాను.

"తెలీలేదురా."

గెడ వెయ్యడం ఆపేశాను.

"ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు. మీరంతా నిలబడిపోయారు. ఎవరో ఒకరు ఇవ్వాలి కదా."

ఆమె ఇంట్లోకి వెళ్ళి అంగీల పెట్టె తెచ్చి పడవలో పెట్టింది. ఎదురింటికి పోనివ్వమంది. ఒతీలియా తలుపు తీసి, పెట్టె చూసి బిత్తరపోయింది.

"ఇదేంటక్కా? నీదేనని చెప్పారుగా!"

"చెప్పారులే. తీసుకో. అంగీల కింద మైనం ఉంది, రెండు చిల్లులూ పూడ్చెయ్" అంది అత్త. "తాళాలు ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి వణకనివ్వకు."