బీచి స్టేషనులో సముద్రం లేదు

మా అవ్వకు కంటి ఆపరేషను అయి, సోడాబుడ్డి అద్దాలు వచ్చాక, మొదట ఏం చూడాలని ఉందని అందరూ అడిగారు. తిరుత్తణి కొండ మీది స్వామిని అంటుందని మా నాన్న అనుకున్నాడు. కొత్తగా సున్నం వేయించిన తన అంగడిని అంటుందని మా మామ అనుకున్నాడు. "సముద్రం" అంది అవ్వ. ఆమె తిరువళ్లూరుకు కాపురానికొచ్చి ఒక జీవితకాలం అయింది. అక్కడి నుంచి సముద్రం రైల్లో గంటన్నర దూరం. ఎక్కడికీ పోదులే అని ఇన్నాళ్లూ ఊరుకుందట.

అవ్వ మా అమ్మకు తల్లి. తిరువళ్లూరులో మామ దగ్గర ఉంటుంది. మామకు అక్కడ బజారు వీధిలో పప్పులూ చింతపండూ అమ్మే అంగడి. మాది తిరుత్తణి. కొండెక్కే భక్తులకు కర్పూరం, విభూతి అమ్ముతాం. మామకు ఒక్కతే కూతురు, వసంత. నాకు మరదలు. అవ్వ చేయి పట్టుకోవడానికి వసంతా, దారి చూపడానికి నేనూ వెళ్లాలని పెద్దలు తీర్మానించారు. నాకు మద్రాసు బాగా తెలుసని మా బంధువుల్లో ఒక పుకారు ఉంది. దాన్ని పుట్టించింది నేనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఆ వచ్చే శుక్రవారం వసంతను చూడడానికి సేలం నుంచి పెళ్లివారు వస్తున్నారు. అంతకు ముందు నెల మా అమ్మ నన్ను కూర్చోబెట్టి, "మీ మామ అడగతాండాడు, నీ మనసులో ఏముండాదిరా?" అంది. "ఆ పిల్ల నాకేం అపకారం చేసిందమ్మా, అంత పెద్ద శిక్ష వేయడానికి?" అన్నాను. ఇల్లంతా నవ్వింది. మా అమ్మ ఆ మాటను తిరువళ్లూరు చేరవేసింది. మామా నవ్వాడట. నవ్వడం పూర్తయ్యాక సేలానికి కబురు పెట్టాడు.

కాబట్టి ఈ యాత్రలో అవ్వ ఉద్దేశం సముద్రం. నా ఉద్దేశం వసంతతో ఒక్క మాట నిజంగా చెప్పడం.

తిరుత్తణిలో మద్రాసు ప్యాసింజరు తెల్లవారి ఆరున్నరకు. ఆ వేళకు ప్రయాణికులు వస్తారు, రైలు తన వీలు చూసుకుని వస్తుంది. అరక్కోణంలో ఇంజనుకు నీళ్లు, మనకు కాఫీ. రెండింటికీ రుచిలో పెద్ద తేడా లేదు. నేను కిటికీ పక్కన రెండు చోట్ల తువ్వాలు పరిచి, ఎవరొచ్చినా "ఆళ్ వరుదు" అంటూ తిరువళ్లూరు దాకా కాపాడాను. మనుషులు వస్తున్నారనడం అబద్ధం కాదు. ఆ రాబోయే మనిషి కోసం కడంబత్తూరు దాటినప్పటి నుంచే తల బయట పెట్టి చూశానన్నది వేరే సంగతి. కంట్లో బొగ్గు నలుసు పడింది.

తిరువళ్లూరు ప్లాట్‌ఫారం మీద వసంత నీలం చీరలో, పులిహోర మూటతో నిలబడి ఉంది. ఒక చేతిలో మూట, ఒక చేతిలో అవ్వ.

"ఏం బావా, కంట్లో నీళ్లు? మమ్మల్ని సూసినందుకేనా?"

"మూట ఇంత చిన్నదని" అన్నాను. నలుసు అని చెప్పినా బాగుండేది.

తిరునిన్రవూరులో ఫ్యాక్టరీకి పోయే గుంపు ఎక్కింది. అందులో ఒకాయన టిఫిను క్యారియరు ఊపుతూ వచ్చి, "లేయండి, ఇది నా సీటు" అన్నాడు.

"నీ పేరు రాసుండాదా నాయనా?" అంది అవ్వ.

"ఆమా అవ్వా, ఇదో" అని చూపించాడు. నిజంగానే చెక్క మీద చాకుతో చెక్కి ఉంది. అవ్వ కొత్త అద్దాలతో ముక్కు ఆనించి చూసి, "అక్షరాలు బాగుండాయి" అంది. ఆ మాటకు ఆయన కరిగిపోయి పెరంబూరు దాకా నిలబడే వచ్చాడు.

సెంట్రల్లో దిగేసరికి పది దాటింది. వెళ్లదలచినవారు మొదట స్టేషను పక్కనే ఉన్న జంతువుల తోట చూసుకోవడం మంచిది. మా వైపు దాన్ని బతికిన కాలేజీ అంటారు. ఎగ్మూరులోని మ్యూజియం చచ్చిన కాలేజీ. బతికిన కాలేజీలో సింహం మాకు వీపు పెట్టి పడుకుని ఉంది. ఎంత అదిలించినా తోక కూడా కదపలేదు.

"బతికింది అన్నారే, ఇది ఆ కాలేజీకి పోవాల్సింది కదరా" అంది అవ్వ.

మధ్యాహ్నం సెంట్రలు ఎదుట ఒక హోటల్లో భోజనం చేశాం. పులిహోర ఉండగా హోటలేమిటని అవ్వ అడిగింది కానీ, సాంబారు వచ్చాక మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. అక్కడి నుంచి బస్సులో ఎగ్మూరు. చచ్చిన కాలేజీలో అన్నిటికంటే ముందు చూడవలసింది తిమింగలం ఎముకలు. ఒక హాలంత పొడుగు. అవ్వ బెంచీ చూసుకుని కాళ్లు చాపింది. వసంత ఆ ఎముకల కింద చాలాసేపు నిలబడింది.

"ఇంత పెద్ద సముద్రంలో ఇది ఒక్కటే ఎట్లా తిరిగిందో పాపం" అంది.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిచాను. "సేలం వాళ్లు వస్తారు కదా, వాళ్లనడుగు" అని వచ్చింది.

వసంత నవ్వలేదు. "సేలంలో సముద్రం యాడుండాది బావా? అంతా కొండలే. నేను సూసేది ఇంక ఇదే మొదలు, ఇదే ఆకరు అనుకుంటా" అంది. తర్వాత పగడాలూ శంఖాలూ ఉన్న గదిలో నేను ఒక్క మాటా మాట్లాడలేదు. ఆరోగ్యం బాగాలేదేమోనని అవ్వ నా నుదురు పట్టుకుని చూసింది.

ఇక ఈ యాత్రలో నా తెలివితేటలు ఉపయోగపడిన ఘట్టం. ఎగ్మూరులో కరెంటు రైలు ఎక్కితే చివరి స్టేషను బీచి. బోర్డు మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. మూడు భాషలు ఒకే అబద్ధం ఆడతాయని ఎవరనుకుంటారు? "బస్సులో తోసుకోవడం ఎందుకు? రైలు నేరుగా ఇసకలోనే దింపుతుంది" అని చెప్పి ఇద్దరినీ ఎక్కించాను. దిగి బయటికొస్తే ఎదురుగా పొడుగాటి గోడ, గోడ మీద నుంచి తొంగిచూసే క్రేన్లు, ముందర లారీలు. ఇసక కాదు కదా, కనీసం దుమ్ము కూడా తడిగా లేదు.

టికెట్లు తీసుకునే ఆయన్ను అడిగాను. "బీచి యాడుందన్నా?"

"నువ్వు నిలబడుండేదే బీచి."

"మరి సముద్రం?"

"ఆ గోడకవతల హార్బరు. లోపలికి విడరు. ఇసకా అలలూ కావాలంటే బస్సెక్కి మెరీనాకు పోవాల" అని నన్ను పైకీ కిందికీ చూసి, "తిరువళ్లూరా?" అన్నాడు.

"తిరుత్తణి."

"ఆ లైనోళ్లే తంబీ ఈడ దిగేది."

అవ్వ గోడను శ్రద్ధగా చూసింది. "ఇదేనా? నల్లగా ఉండాదే."

వసంత ఒక చేత్తో స్తంభం పట్టుకుని, ఇంకో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మద్రాసు తెలిసిన బావ!" నేను అంతవరకు ఎంతో ఆలోచించి చెప్పిన ఏ మాటకూ ఆమె అంతగా నవ్వలేదు. ఆ నవ్వు చూశాక, రోజూ తప్పు స్టేషనులో దిగడానికి కూడా సిద్ధపడ్డాను.

బస్సులో మెరీనా చేరేసరికి ఎండ వెనక్కి తిరిగింది. ఇక్కడ పొద్దు ఊరివైపు కుంకుతుంది, సముద్రం వైపు కాదు. సూర్యాస్తమయం చూద్దామని వెళ్లేవారు సముద్రానికి వీపు పెట్టాలి. రోడ్డు నుంచి నీళ్ల దాకా ఇసకలో నడక చాలా ఉంది. అవ్వను చెరో చేయీ పట్టుకుని నడిపించాం. మా ఇద్దరి మధ్యా అవ్వ ఉంది. ఆ నడక ఇంకాస్త పొడుగున్నా నాకు అభ్యంతరం లేకపోయేది.

మొదటి అల పాదాల మీదికి వచ్చినప్పుడు అవ్వ అద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అవతలి గట్టు యాడుండాదిరా?"

"కనిపించదవ్వా."

"నా అద్దాలు బాగలేవా?"

"నాకూ కనిపించదు."

"ఎవరికీ కనిపించదా?" అంది. కనిపించదని వసంత చెప్పింది. "సరి సరి. ఇంగ నాకు అనుమానం లేదు" అని అవ్వ పొడి ఇసకలోకి వెళ్లి కూర్చుని, సుండలు అమ్మేవాణ్ణి పిలిచింది. కొబ్బరీ మామిడీ వేసిన పట్టాణి సుండలు, అంటే బఠాణీ గుగ్గిళ్లు. అక్కడికి వెళ్లినవారు తినవలసిందే. ఆమె పళ్లు లేని నోటితో తినడంలో పూర్తిగా మునిగింది.

నేనూ వసంతా నీళ్ల దగ్గరే ఉన్నాం. ఆమె చీర కొంచెం ఎత్తి పట్టుకుని, అల వచ్చిన ప్రతిసారీ ఒక అడుగు వెనక్కి, పోయిన ప్రతిసారీ రెండు అడుగులు ముందుకు వేస్తోంది. దూరంగా ఒక ఓడ కదులుతోందో లేదో తెలియకుండా ఉంది. గాలికి ఆమె జడలోని కనకాంబరాలు ఒకటొకటిగా రాలుతున్నాయి. రేపటి నుంచి ఈ మనిషి పక్కన నిలబడడానికి నాకు ఏ సాకూ మిగలదు. అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

"వసంతా, సేలం వాళ్లకు వద్దని చెప్పు. నిన్ను నేను చేసుకుంటా."

ఆమె నావైపు చూసి, ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వింది. ఆ నవ్వులో కాలు జారి, చెప్పు ఒకటి అల తీసుకుపోయింది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పినవాణ్ణి, మరుక్షణం ప్యాంటు మోకాళ్ల దాకా తడుపుకుని చెప్పు వెంట పరిగెత్తాను. దొరికింది. తెచ్చి ఇచ్చేసరికి ఆమె అవ్వ దగ్గర ఉంది.

"అవ్వా, బావ నన్ను చేసుకుంటాడంట!"

అవ్వ నవ్వలేదు. సుండలు నమలడం ఆపి నన్ను చూసింది. ఆ అద్దాల వెనక ఆమె కళ్లు రెండింతలు పెద్దవిగా కనిపిస్తాయి. "నిజంగా అన్నాడేమో అడగలేదా?" అంది. వసంత చెప్పు వేసుకుంటూ తల వంచుకుంది.

రాత్రి ఏడు గంటలకు సెంట్రల్లో తిరుపతి ప్యాసింజరు. సీటు కావాలంటే అరగంట ముందే పోవాలి. అవ్వ కిటికీకి తల ఆనించి వెంటనే నిద్రపోయింది. కనీసం కళ్లు మూసుకుంది. తిరునిన్రవూరులో గుంపు దిగిపోయి పెట్టె ఖాళీ అయింది. ఎదురు బెంచీ మీద వసంత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"బావా, ఇందాక నువ్వన్న మాట..."

"ఏది?"

"తెలీనట్టు అడగొద్దు."

వేళాకోళం ఏదో ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నిజమే" అన్నాను.

"అట్లయితే మా నాయనతో చెప్పు. శుక్రవారం లోపల. నవ్వకుండా చెప్పు. నువ్వు నవ్వితే ఆయనా నవ్వేసి, కాఫీ ఇచ్చి పంపేస్తాడు."

"నీకు ఇష్టమేనా?"

ఆమె కిటికీలోంచి చీకటిని చూస్తూ అంది. "ఇన్నేండ్లుగా నీ జోకులకు నవ్వతాండా. అన్నీ బాగుంటాయనుకున్నావా?"

రైలు తిరువళ్లూరులో ఆగింది. నిద్రపోతున్న అవ్వ, ఎవరూ లేపకుండానే లేచి మూట తీసుకుంది. ప్లాట్‌ఫారం దీపం కింద నీలం చీర కొంతదూరం కనిపించింది. సినిమాలో అయితే హీరో దూకేవాడు. నా దగ్గర తిరుత్తణి దాకా టికెట్టు ఉంది. కూర్చున్నాను. రైలు కదిలింది.

మద్రాసు గురించి స్థూలంగా చెప్పాలంటే, చూడవలసిన ఊరే. ఒక్క రోజు చాలదు. సింహం లేచి ఉన్నప్పుడు వెళ్లండి. లైట్‌హౌసు మాకు కుదరలేదు, మీరు చూడండి. సముద్రం చూసి వచ్చినవాళ్లకు ఇంట్లో అడుగుపెట్టేదాకా చెవుల్లో అలల చప్పుడు ఉంటుందంటారు. నాకు మాత్రం తిరువళ్లూరు దాటినప్పటి నుంచి ఒక్క మాటే వినిపిస్తోంది. నవ్వకుండా.

కిటికీ అద్దంలో నా మొహం కనిపించింది. సాధన మొదలుపెట్టాను. "మామా, ఒక విషయం." పెదవి అంచు లేచింది. మళ్లీ. "మామా..." కనుబొమ్మలు దగ్గరికి తెచ్చి, దవడ బిగించి చూశాను. తిరువాలంగాడులో ఎక్కి ఎదుట కూర్చున్న, ఖాళీ కూరగాయల బుట్ట మోసుకొచ్చిన ఆమె కాసేపు చూసి ఊరుకోలేకపోయింది.

"ఏం నాయనా, కడుపునొప్పా?"

"లేదక్కా. రేపు పెళ్లి మాట్లాడాల."

ఆమె బుట్ట సర్దుకుంటూ నా మొహాన్ని ఇంకోసారి పరీక్షగా చూసింది.

"అయితే మార్చబాక. ఆ మొగంతోనే పో."