దిండిగల్ తాళం ఎవరింటిది

తమిళనాడులోని మా తెలుగువాళ్ల వీధిలో ఎవరైనా ఉత్త డాబు చూపిస్తే వెంటనే ఒక మాట పడుతుంది: "తాళం దిండిగల్‌ది, తలుపు తడిక."

అరవై దాటాక మనవరాలి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దిన నేను, మొట్టమొదట సొంతంగా రాసింది ఈ మాట పుట్టుక గురించే. కులదేవత పొంగలికి బంధువులంతా చేరినప్పుడు దాన్ని నిలబడి చదవాలని నా ఆశ. నాకూ చదవడం వచ్చని అందరూ ఒక్కసారి చూడాలి.

ముందురోజు ఎదురింటి వదినకు వినిపించాను. కథ మా మామగారి తాతది. పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడటానికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లంతా పత్తిచేలో ఉన్నారు. తడిక తలుపుకు కొబ్బరికాయంత తాళం, తాళాలకు పేరుపడ్డ దిండిగల్‌లో కొన్నది. పిల్ల మేనమామ గాదెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూస్తేగాని మావాళ్లలో సంబంధం ఖాయం కాదు. గాదె అందని ఆ మేనమామ తాళాన్నే అరచేతిలో ఆడించి, "ఇంత తాళమేస్తే లోపల ఎంతుండాల!" అని తిన్నగా చేలోకే వెళ్లి తాంబూలం ఇచ్చేశాడు. పెళ్లయ్యాక పిల్ల వచ్చి చూస్తే లోపల రెండు కుండలు, ఒక మేక. ఆ మేక లోపలినుంచి తలుపు తింటోంది. అప్పుడు ఆ పిల్ల నోట వచ్చిందట ఈ మాట.

వదిన నవ్వలేదు. "ఏమ్మే, అది మీ ఇల్లంటివా? ఆ మేక మాది! మా జేజి చెప్పుండాది."

"మేక మీద మీ పేరు రాసుండాదా వదినా?"

"నాలుగక్షరాలు నేర్చి మా గొప్పా పెరుమా అంతా మీ ఇంటికి ఎత్తుకపోతావా? చదువు, చూస్తా. నడిమధ్యన లేచి అరుస్తా."

దరిద్రం మాదంటే మాదని ఇంత పంతం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పొంగలి పొంగాక కాగితం పట్టుకుని నిలబడ్డాను. మూడో వాక్యానికే మదురై నుంచి వచ్చిన పెద్దాయన, "ఆ తాళం కొన్నది మా తాత!" అని లేచాడు. మేక కాదు, దూడ అంది సూలూరు ఆవిడ. మేనమామ తమవాడేనని ఇంకెవరో అరిచారు. ఆ నవ్వుల్లో, కేకల్లో నేను చదువుతున్న వరుస తప్పిపోయింది. వేలు పెట్టి వెతికినా దొరకలేదు. ఇక కూర్చుందామనుకుంటుండగా వదిన లేచింది. అయిపోయింది నా పని, అనుకున్నాను.

"నోళ్లు మూయండి అందరూ! ఈ వయసులో పలక పట్టి రాసుండాది. ముందు చదవనీండి, సండా కొట్లాటా తరువాత పెట్టుకుందాం. మేక మాత్రం మాదే!"

మొదటినుంచి మళ్లీ చదివాను. కూడబలుక్కుంటూ, చివరి అక్షరం దాకా. కాగితం మడిచేలోపే సండ మొదలైంది. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.