ఉప్పెక్కువైన తొట్టి

టెక్కలి అవతల ఓ ప్రైవేటు ఆస్పత్రి వెనక ఓ సిమెంటు తొట్టి ఉండేది. ఆపరేషన్ గది కడిగిన నీళ్లు, రక్తం, మందులు అన్నీ అందులోకే. లోపల వరసగా ఇనుప రేకులు. వాటికి కరెంటు పెడితే మురికి ముద్దకట్టి విడిపోయేది. ఆ స్విచ్చి దగ్గర సైమన్ని కూర్చోబెట్టారు. నిన్నటిదాకా వార్డుబాయి. బిగించినవాళ్లు ఒక్కపూట చూపించి, కరెంటు బాగా పారడానికి గుప్పెడు ఉప్పు వెయ్యమని చెప్పి బస్సెక్కేశారు.

ఆ వేసవి కరెంటు నిలకడగా ఉండేది కాదు. పని త్వరగా తెమలాలని సైమన్ గుప్పెడికి బదులు బుట్టెడు వేశాడు. భావనపాడు తీరాన బావ చేపలు ఎండబెట్టేవాడు, ఉప్పుకేం కొదవ! నీళ్లు అద్దంలా వచ్చాయి. మేనేజరు గౌరీశంకర్ భుజం తట్టాడు. సైమన్ ఉబ్బిపోయి, ఆ నీళ్లే గోడ అవతల నారు పెంచుకునే వరహాలమ్మ జీడిమామిడి మొక్కలకి పైపు వేసి ఇచ్చాడు. తొంభై తొమ్మిది తుఫానుకి తోటలు కూలాక ఊళ్లన్నీ మళ్లీ జీడి నాటుకుంటున్నాయి. ఆ నారు అమ్మితేనే ఆమెకి ఏడాది గడిచేది.

కొన్నాళ్లకి ఆకుల అంచులు మాడాయి.

“ఎండదెబ్బ తమ్ముడూ. ఇంకాసేపు వదులు నీళ్లు, తేరుకుంతాయి,” అంది వరహాలమ్మ.

నారు సంచుల్లో మట్టిమీద తెల్లటి పొర చూశాడు సైమన్. బావ చేపలు ఆరేసే నేల అచ్చం ఇలాగే ఉంటుంది. గడ్డిపోచ మొలవదు. అయినా ఆ మాట ఆమెకి చెప్పకుండా వాల్వు తిప్పి నీళ్లు వదిలాడు.

గౌరీశంకర్‌తో చెబితే, “తనిఖీకొస్తన్నారు, నోరుమూసుకో. నీళ్లు తేటగున్నాయా లేదా?” అన్నాడు. తేటగా ఉంటే చాలు, బీదదాని నారుమడిలోకి తోసెయ్యొచ్చు. అంతే ఆ పెద్దమనిషి న్యాయం!

ఆ రాత్రి సైమన్ ప్రార్థనకి మోకరించి, మధ్యలోనే లేచేశాడు. తెల్లారి పైపు పీకేసి, తను అక్కగా ‘అప్పా’ అని పిలిచే వరహాలమ్మ దగ్గరికి వెళ్లాడు.

“ఎండ కాదప్పా, ఉప్పు. నానే ఎక్కువేసీసినాను.”

“ఎప్పుడు తెలిసింది నీకు?”

“నిన్న.”

“తెలిసే వొదిలినావా?”

“వొదిలినానప్పా.”

“దొరబాబులకి భయపడ్డావు. నానైతే కసరను, కొట్టను గదా, నాకెందుకు భయపడతావు!” అని కూలబడి మాడిన సంచులు పక్కకి లాగడం మొదలెట్టింది.

ఉప్పు కడిగితే కొన్నయినా బతుకుతాయేమోనని సైమన్ బోరింగు దగ్గరికెళ్లి బిందెతో మంచినీళ్లు మోశాడు. ఆమె వద్దనలేదు. బిందె అందుకోనూ లేదు.