గడువుల డాక్టరు వెలిజార్

ఎదురైన మనిషిని క్షేమం అడగడానికి ముందే, ఏదో ఒక కథల పోటీకి గడువు ఎప్పటితో ముగుస్తుందో చెప్పడం డాక్టర్ వెలిజార్ అలవాటు. తిసా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో దాన్ని రోగమని ఎవరూ అనలేదు. అనడానికి ఉన్న ఒకే డాక్టరు ఆయన. పశువుల డాక్టరే అనుకోండి. ఏ ఆవు ఎప్పుడు ఈనుతుందో జీవితమంతా రైతులకు చెప్పి చెప్పి, పదవీ విరమణ తరువాత చెప్పడానికి తేదీలు కరువై, కథల పోటీల మీద పడ్డారు. వ్యాకరణంలో కాలాలు మూడైతే ఆయనకు తెలిసినది భవిష్యత్తు ఒక్కటే. అదీ నెలాఖరు దాకానే.

"ఉల్లి రైతుల సంఘం, పదిహేనో తారీకు," అన్నారు ఒకనాడు రొట్టెల దుకాణంలో అడుగు పెడుతూనే.

"రొట్టె ఇమ్మంటారా డాక్టరుగారూ?" అన్నాడు దుకాణం నడిపే తివదార్.

"ఉల్లి మీద కథ ఇమ్మంటాను. నీ దగ్గరుంది, కళ్ళలోనే కనిపిస్తోంది."

"అవి పిండి పడి ఎర్రబడ్డాయండీ."

అయినా రాశాడు. ప్రోత్సాహక బహుమతిగా బస్తా ఉల్లిపాయలు వచ్చాయి. ఆ చలికాలమంతా ఊరు ఉల్లిరొట్టె తిన్నది. తేనెటీగల పెంపకందారులు, అగ్నిమాపక దళం, వేడినీటి ఊటల ఊరివాళ్ళు... కథల సంకలనం వేయని సంఘం భూమ్మీద లేదనీ, వెతకనివాడిదే తప్పనీ ఆయన సిద్ధాంతం. ఒక అంత్యక్రియల భోజనంలో భర్త పోయిన ఆవిడ చేయి పట్టుకుని, "వియోగం మీద సంకలనం వేస్తున్నారమ్మా, తొందరేమీ లేదు, శుక్రవారం దాకా ఉంది," అన్నారట. ఆవిడ రాసింది కూడా.

తాను మాత్రం ఒక్క వాక్యం రాసి ఎరుగరు. అడిగితే, "పురుడు పోసేవాడు కూడా కనాలని ఎక్కడుంది?" అనేవారు.

ఆయన పక్కింట్లో పెళ్ళిగౌన్లు కుట్టే నెవెంక దగ్గర నలభై పేజీల కథ ఒకటి ఉండేది. బల్లకట్టు నడిపిన తన తాత కథ. వంతెన కట్టాక బల్లకట్టు పోయింది, తాతను తలిచే మనిషీ లేకపోయాడు. ఆ కథ ఒక్కసారి పూర్తిగా అచ్చులో చూడాలన్నదే ఆమె కోరిక. అది చదివిన రోజున వెలిజార్ ఏ తేదీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయారు. మర్నాడు వచ్చారు.

"తేనె సంఘం. పన్నెండు పేజీలు మించకూడదు."

"నలభై ఉన్నాయి కదా బాబాయ్."

"కత్తెర నీ చేతిలోదేగా."

ఆమె కథలోంచి గుడ్డి గుర్రాన్ని కత్తిరించింది. ఫలితం లేదు. ఊటల ఊరివాళ్ళు ఎనిమిదే అన్నారు. ఒడ్డున దిగనని మొరాయించిన పెళ్ళికూతురు పోయింది. అగ్నిమాపక దళం అయిదన్నది, వరద పోయింది. ఆ పోటీలకు కథ మారుపేరుతో వెళుతుంది. అసలు పేరు వేరే కవరులో, అంటించి. అందుకని న్యాయనిర్ణేతలు పత్రికలో ఇలా వేశారు: "'ఒడ్డు' అన్న మారుపేరు గలవారికి: నది ఏదీ?"

"ఇక చాలు బాబాయ్. మళ్ళీ పోటీ అన్నారంటే మీ కోటు చేతులు రెండూ కలిపి కుట్టేస్తాను," అన్నది నెవెంక.

ఆయన మానేశారు. రొట్టెల దుకాణం వరసలో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ గడువులు చెప్పి, మధ్యలో ఆమెను మాత్రం, "బాగున్నావా అమ్మాయ్?" అని అడిగారు. ఆ నోట క్షేమ ప్రశ్న వినగానే ఆమెకు విషయం అర్థమైంది. అంటే తాను ఇక రచయిత్రి కాదన్నమాట.

ఒక సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. ప్రతి గురువారం గోడ అవతల ఆయన ఫోనులో అరిచేవారు: "సగం దూడను లాగి సగం వదిలేయమంటారా? మీరు మనుషులేనా?" ఇంకా ఏ రైతు ఈయన్ని పట్టుకుని వేలాడుతున్నాడో?

ఏడాది తిరిగాక తివదార్ రొట్టె చుడుతూ, అలవాటు లేని శ్రద్ధతో పత్రిక పైకి చదివాడు: దక్షిణాన కొండల ఊరి గ్రంథాలయం, కథల సంకలనం, నిడివికి పరిమితి లేదు. నెవెంక గుర్రాన్నీ పెళ్ళికూతురినీ వరదనూ తిరిగి ఎక్కించి పంపింది.

శరత్కాలంలో గ్రంథాలయం నుంచి ఫోను వచ్చింది.

"'ఒడ్డు' మీరేనా అండీ? బహుమతి వేరేవాళ్ళకు వచ్చింది. మీ కథ మాత్రం మొత్తం వేస్తున్నాం, ఒక్క మాటా తీయకుండా." అవతలి అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ ఊళ్ళో వెలిజార్ అని ఎవరైనా ఉన్నారా? పరిమితి ఎత్తేయమని ఏడాదిగా ప్రాణం తీశారు. ఎవరి కథకని అడిగితే, పేరు చెబితే ఆ కథ పోటీకి పనికిరాదన్నారు. చివరికి మా డైరెక్టరమ్మ కుక్క తిండి మానేస్తే ఫోనులోనే వైద్యం చేశారు. అది తిన్నది. ఇక ఆవిడ ఏమంటుంది?"

"ఏమంటుంది," అన్నది నెవెంక, కుర్చీ వెతుక్కుంటూ.

"వచ్చే ఏడు పరిమితి పెట్టుకుంటామని ఆయనకు చెప్పండి. మీ ఊరి నుంచే ఇంకొకటి వచ్చింది, పెట్టెలో. రొట్టె పుట్టుక గురించట. ముగ్గురం చదువుతున్నాం, ఇంకా గోధుమ మొలవలేదు."

ఆమె నేరుగా కంచె దగ్గరకు వెళ్ళింది. వెలిజార్ ద్రాక్షతీగ కడుతున్నారు.

"నాకెందుకు చెప్పలేదు బాబాయ్?"

ఆయన తల ఎత్తలేదు. "వాళ్ళు వారం వారం కుదరదన్నారు. నువ్వు వినడమెందుకు? నాకైతే ఎద్దుల తన్నులు అలవాటే."

నెవెంక కంచె మీదుగా తీగ కొసను పట్టి అందించింది. "వచ్చే ఏడు పరిమితి పెడతారట. తివదార్ పెట్టె వాళ్ళను చంపుతోందట."

"పెట్టరులే," అన్నారు వెలిజార్ ముడి బిగిస్తూ. "ఆ కుక్కకు ఇంకా మందు పూర్తి కాలేదు."