దాటేసిన వాక్యం

నా చిన్నప్పుడు నేను చూసిన ఎడారి ఒక్కటే. తారు రోడ్డుకూ మా తాతయ్య జీడితోటకూ నడుమ ఉన్న ఇసుక దిబ్బలు. మా ఉద్దానం ప్రాంతమంతా పచ్చగా ఉంటుందని చెప్పుకుంటారు గానీ, సముద్రం దగ్గర పడేకొద్దీ ఆ పచ్చదనం పలచబడిపోయి, చివరకు కాళ్లు కాలే ఇసుకే మిగులుతుంది. ఎండాకాలం సెలవుల్లో జీడిపిక్కలు ఏరే రోజులు వస్తే తాతయ్య తన పాత జీపులో నన్ను తోటకు తీసుకువెళ్లేవాడు. టార్పాలిన్‌తో గుడారం కట్టుకుని అక్కడే నాలుగైదు రోజులు ఉండేవాళ్లం.

నేను నలుగురిలో నోరు తెరిచే పిల్లను కాను. నాకు ఒక నోటుపుస్తకం ఉండేది. తాతయ్యకు సంతకం తప్ప రాయడం, చదవడం రావు. అందుకని ముందు సగంలో తాతయ్య చెప్పినవి రాసేదాన్ని. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగానికి తీసెయ్యాలి, అప్పుడే టైరు వెడల్పయి ఇసుక మీద తేలుతుంది. సాయంత్రం గాలి ఫిల్టరు విప్పి దుమ్ము దులపాలి. బోనెట్ కింద పొగాకు కాడలు పెట్టాలి, లేకపోతే ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. మంచం కోళ్లను నీళ్లు పోసిన కొబ్బరి చిప్పల్లో నిలబెడితే చీమలు ఎక్కవు. చెప్పులు దులపకుండా తొడుక్కోకూడదు. ఇలాంటివి నలభై పేజీలు. పుస్తకం వెనక సగం మాత్రం నాది. అది ఎవరూ చూడకూడదని జీపులో పనిముట్ల పెట్టె అడుగున దాచేదాన్ని.

నాకు పదకొండేళ్లు వచ్చిన ఏడాది మా బావ కూడా వచ్చాడు. మావయ్య కొడుకు. పదిహేడేళ్లు. కొత్తగా మోటారుసైకిలు నడపడం వచ్చిన గర్వం మీద ఉన్నాడు. నన్ను మూగిదానా అనే పిలిచేవాడు. రెండో రోజు మధ్యాహ్నం అందరం అన్నాలు తింటుంటే, స్పానర్ కోసం పెట్టె తెరిచినవాడు పుస్తకంతో తిరిగి వచ్చాడు. వెనక సగం తిప్పి, పిక్కలు ఏరే ఆడవాళ్లందరి ముందూ గొంతు పెంచి చదివాడు.

‘గేరు వేసేటప్పుడు తాతయ్య ఎడమ చెయ్యి వణుకుతోంది. అమ్మకు చెబితే జీపు అమ్మించేస్తుంది. చెప్పను.’

“ఇన్నారా? మూగిది ఏటి రాసిందో! తాతా, నీకు సెయ్యి వణుకుతాదట. నాన్నకి సెప్పేస్తాను. ఇంక జీపు నానే తోల్తాను.”

ఏరేవాళ్లలో పెద్దామె నోట్లోంచి అడ్డచుట్ట తీసి, “ఓలమ్మో, ఈ గుంటకి నోట మాటే లేదనుకున్నాను. మాటలన్నీ కాయితం మీదున్నాయి!” అంది. అందరూ నవ్వారు. తాతయ్య ఎడమ చేత్తో మంచినీళ్ల చెంబు ఎత్తబోయి, ఎత్తకుండానే కింద పెట్టేశాడు. అది నేను తప్ప ఎవరూ చూడలేదేమో. నేను ఈ రోజుకీ చూస్తూనే ఉన్నాను. ఆయన గుట్టు కాపాడాలని రాసుకున్న మాటే ఆయన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది.

ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఆకలి లేదు. బావను ఎలా ఏడిపించాలా అన్నదే ఆలోచన. జీడికొమ్మల్లో ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూళ్లు కడతాయి. ఒక గూడు తెంపి అతని దుప్పట్లో దులిపేద్దామా అనుకున్నాను. వాటి కాటుకు మంట తప్ప ఇంకేమీ ఉండదని, చాలదని మానేశాను. సాయంత్రం పొయ్యిలోకి ఎండు తాటాకు తెద్దామని గుడారం వెనక కుప్ప దగ్గరికి వెళ్లి, కర్రతో కొడితే, ఎర్రతేలు ఒకటి తోక పైకెత్తి నడిచి మళ్లీ ఆకుల కిందికి వెళ్లిపోయింది. ఎర్రతేలు కుడితే పెద్దవాళ్లయినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. నేను వేరే పుల్లలు తెచ్చుకున్నాను. తేలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు.

మర్నాడు పొద్దున్నే బావ జీపు చుట్టూ తిరిగి టైర్లను కాలితో తన్నాడు. “ఏటి తాతా, ఒక్క టైర్లోనూ గాలి లేదు. బండిని సూసుకోడం ఇదేనేటి?” అని కాలిపంపు తీశాడు. నేను నోరు తెరవబోయాను. తాతయ్య నా వైపు చూసి కళ్లతోనే ఆపాడు. “కొట్టు నాయినా, బాగా కొట్టు” అన్నాడు. బావ గంటసేపు చెమటలు కారేలా నాలుగు టైర్లూ రాయిలా అయ్యేదాకా గాలి కొట్టాడు. తాతయ్య తాళం అతని చేతిలో పెట్టాడు.

పిక్కల బస్తాలతో జీపు నూరు గజాలు కూడా పోలేదు. మొదటి దిబ్బ దగ్గరే చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. బావ ఇంకా గట్టిగా తొక్కాడు. ఇసుక చిమ్మింది. జీపు ఇరుసుల దాకా కూరుకుపోయింది.

“బాబూ, జీపు తోల్తన్నావా, నుయ్యి తవ్వుతన్నావా?” అంది పెద్దామె.

ఆ నవ్వులు నాకు ఎంత తియ్యగా ఉన్నాయో దాచను. తాతయ్య జీపు నీడలో చతికిలబడి నన్ను పిలిచాడు.

“బుజ్జీ, పుస్తకం తే. బండి దిగిపోతే ఏటి సెయ్యాలో రాశావు కదా, గట్టిగా సదువు. ఆడు సేస్తాడు.”

నిన్న నన్ను నవ్వులపాలు చేసిన పుస్తకమే. మొదటి వాక్యం నాకే వినపడేలా చదివాను. రెండోది అందరికీ వినపడేలా చదివాను. ఇంజను ఆపాలి. ఆపాడు. పుల్లతో వాల్వు నొక్కి టైర్లలో గాలి తీసెయ్యాలి. గంట కష్టమంతా బుస్సుమంటూ పోతుంటే బావ ముఖం చూడ్డానికి నేను పుస్తకం కిందికి దించాను. బండి కింద ఇసుక చేతులతో తోడాలి. బోర్లా పడుకుని తోడాడు. తర్వాతి వాక్యం దగ్గర నా వేలు ఆగింది.

‘తాటాకుల కుప్పలో చెయ్యి పెట్టేముందు కర్రతో కొట్టాలి, తేళ్లుంటాయి.’

ఆ వాక్యం దాటేశాను. “తాటాకులు తెచ్చి చక్రాల ముందు పరవాలి” అని దాని కింద వాక్యం చదివాను.

బావ కుప్ప వైపు నడిచాడు. నేను పుస్తకంలోంచి తలెత్తి చూస్తున్నాను. గుండె కొట్టుకోవడం నాకే వినిపిస్తోంది. భయంతో కొట్టుకుందని రాస్తే అబద్ధమవుతుంది.

“ఆగరా,” అన్నాడు తాతయ్య. తర్వాత నా వైపు తిరక్కుండానే, “బుజ్జీ, మజ్జిన ఒక మాట ఉండాల. అది సదువు” అన్నాడు.

నేను చదవలేదు. తాతయ్య మళ్లీ అడగలేదు. ఇసుకలో పెట్టుకున్న ఆయన ఎడమ చెయ్యి సన్నగా వణుకుతూ ఉంది. నేను చదివేదాకా ఆయన అలా కూర్చునే ఉంటాడని అర్థమైంది. తాతయ్య ఆగమన్నా లెక్కచెయ్యక బావ అప్పటికే కుప్ప మీదికి వంగుతున్నాడు. అప్పుడు చదివాను. చదవడం కాదు, అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

బావ చెయ్యి వెనక్కి తీసుకుని, కర్ర అందుకుని కొట్టాడు. మూడో దెబ్బకు తేలు బయటికి వచ్చింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. బావ ముందు తేలును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను కావాలనే దాటేశానని అతనికి తెలిసిపోయింది. నేను చూపు తిప్పుకోలేదు. నా పుస్తకాన్ని అతను మళ్లీ ముట్టుకోలేదు. తాతయ్య చెయ్యి సంగతి మావయ్యకు చెప్పనూ లేదు. చెబితే ఆ రోజు సంగతంతా చెప్పుకోవాలి కదా.

తిరుగు ప్రయాణంలో జీపు తాతయ్యే నడిపాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గేరు మీద తన చేతిపైన నా చెయ్యి వెయ్యమన్నాడు. ఇద్దరం కలిసి రెండో గేరు వేశాం. నేను ఒక మాట దాటేశానని ఎలా తెలిసిందని అడిగాను.

“ఆ మాట రాయించింది నానే కదేటి,” అన్నాడు. కాస్త దూరం పోయాక మళ్లీ అన్నాడు. “కోపం ఉంచుకో. నాకూ ఉన్నాది. లేకపోతే ఆణ్ణి గాలి కొట్టనిత్తునా? నాను ఆడికి సెమట పట్టించాను. నువ్వు ఆడి పేణం మీదకి తెత్తువు. పని సెప్పినప్పుడు మాత్రం సగం సెప్పకు.”

ఇప్పుడు తాతయ్య లేడు. తోటా జీపూ బావవి. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం అక్కడి నుంచే ఫోన్ చేశాడు. జీపు మళ్లీ దిగిపోయింది. “ఒసే, ఆ పుస్తకం ఉన్నాదా?” అన్నాడు. ఉంది. తీసి, ఒక్కొక్క వాక్యమే చదివాను. ఇసుక తోడడం అయ్యాక ఆగాను. అవతల గాలి హోరు వినిపించింది.

“ఇంకేటైనా ఉన్నాదా?” అన్నాడు బావ. గొంతు తగ్గింది.

నేను మనసులో పది అంకెలు లెక్కపెట్టుకున్నాను. తర్వాత కర్ర సంగతి చదివాను.

తాతయ్య చెప్పిన మాట నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ పది అంకెలు మాత్రం నావి.